పాత 34401ఏ నుంచి కొత్త మీటర్‌కు మారడం ఎలా

ఆరున్నర అంకెల (ఆరు పూర్తి అంకెలు, వాటి ముందు 0 లేదా 1 మాత్రమే చూపే సగం అంకె) బెంచ్ మల్టీమీటర్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది 34401ఏ. కొన్నింటి మీద హెచ్‌పీ అని ఉంటుంది, కొన్నింటి మీద ఎజిలెంట్, మరికొన్నింటి మీద కీసైట్. మూడూ ఒక ఇంటి పేర్లే. 1990ల మొదట్లో హ్యూలెట్-ప్యాకర్డ్ దీన్ని తెచ్చింది. 1999లో ఆ కంపెనీ టెస్టు పరికరాల విభాగం ఎజిలెంట్‌గా విడిపోయింది, 2014లో అందులోంచి కీసైట్ వచ్చింది. స్టిక్కర్ మారింది కానీ మీటర్ అదే. ఇప్పుడు దాని తయారీ ఆగిపోయింది. ఆ స్థానంలో కంపెనీ చూపించే మోడల్ 34461ఏ.

హన్మకొండ, వరంగల్ కాలేజీ ల్యాబుల టెక్నీషియన్లు, రామగుండం, భూపాలపల్లి వైపు ఇన్‌స్ట్రుమెంటేషన్ సెక్షన్లలో ఉన్నవాళ్లు, కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో సొంతంగా రిపేర్ షాపు నడిపేవాళ్లు ఈ మార్పిడికి దిగుతుంటే ఒక్క మాట పట్టుకోండి: కొత్తది వచ్చిన రోజే పాతదాన్ని స్టోర్‌కు పంపకండి. కొన్ని వారాలు రెండింటినీ ఒకే బెంచీ మీద పెట్టి, ఒకే సిగ్నల్ కొలవండి. కింద చెప్పే పనుల్లో చాలావరకు దాని కోసమే. మీ దగ్గర వేరే కంపెనీ మీటర్ ఉన్నా, ఆసిలోస్కోప్ ఉన్నా పద్ధతి దాదాపు ఇదే. అంకెలు మాత్రం మీ మాన్యువల్ నుంచి తీసుకోవాలి.

ముందు: నిజంగా మార్చాలా?

చాలాచోట్ల మీటర్ బాగానే ఉంటుంది, దానికి కట్టిన కంప్యూటర్ ముసలిదై ఉంటుంది. లోపల పీసీఐ జీపీఐబీ కార్డు (జీపీఐబీ అంటే పరికరాలను కంప్యూటర్‌కు కలిపే పాత రకం కనెక్షన్), దానికి విండోస్ ఎక్స్‌పీ. ఆ కంప్యూటర్ ఆగిపోగానే "మీటర్ మార్చాలి సార్" అని ఫైల్ కదులుతుంది. మీ ఇబ్బంది అంతవరకే అయితే యూఎస్‌బీ-జీపీఐబీ అడాప్టర్ ఒకటి కొంటే సరిపోతుంది, మీటర్ మీద పెట్టే ఖర్చు మిగులుతుంది.

డిస్‌ప్లే మసకబారిపోయి అంకెలు కనబడకపోతే, క్యాలిబ్రేషన్‌లో (ప్రామాణిక కొలతతో పోల్చి సరిచూడటంలో) పరిమితి దాటిందని రిపోర్టు వస్తే, విడిభాగాలు దొరక్క రిపేర్ ఆగితే మార్చడంలో అర్థం ఉంది. రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచిన మీటర్లలో డిస్‌ప్లే ముందు పోతుంది, ఎందుకంటే అందులో ఉన్నది వాడకంతో వెలుగు తగ్గే రకం. పక్క డిపార్ట్‌మెంట్‌కు రంగుల స్క్రీన్ మీటర్ వచ్చింది కాబట్టి మనకూ కావాలి అనడం కారణం కాదు. బడ్జెట్ మార్చి 31లోపు ఖర్చు చేయాలనే తొందరలో ఆ కారణమే ఎక్కువసార్లు గెలుస్తుందనుకోండి, అది వేరే సంగతి.

ఆర్డర్ రాసేటప్పుడు

ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో అయినా, కొటేషన్ల మీద అయినా ఎల్1 (అందరికంటే తక్కువ) రేటుకే ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి స్పెసిఫికేషన్‌లో ఏం రాశారన్నదే ముఖ్యం. "ఆరున్నర అంకెల మల్టీమీటర్" అని మాత్రమే రాస్తే 34460ఏ రావచ్చు. చూడ్డానికి 34461ఏలాగే ఉంటుంది. కానీ డీసీ వోల్టేజ్‌లో ఏడాది కచ్చితత్వం 34461ఏకు 0.0035 శాతం అయితే దీనికి 0.0075 శాతం. వెనకవైపు ఇన్‌పుట్ టెర్మినళ్లు ఉండవు. ల్యాన్ కూడా దానితోపాటు రాదు, ఆప్షన్‌గా తీసుకోవాలి. మీ ర్యాక్‌లో వైర్లన్నీ వెనక టెర్మినళ్లకు వెళ్తుంటే ఆ మీటర్ మీకు పనికిరాదు.

ఇంకో మూడు విషయాలు ఆర్డర్‌లోనే రాయించండి. జీపీఐబీ కావాలంటే ఆ మాట స్పష్టంగా ఉండాలి, 34461ఏలో అది ఆప్షన్. పాతదానికి ఉన్న ఆర్‌ఎస్-232 (సీరియల్) పోర్టు కొత్తదానికి లేదు, దాని మీద ఆధారపడిన సెటప్ ఉంటే ఇప్పుడే తెలుసుకోవాలి. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఎలాంటిది కావాలో కూడా చెప్పాలి. మీ ఆడిటర్ ఐఎస్‌ఓ 17025 (క్యాలిబ్రేషన్ ల్యాబుల ప్రమాణం) గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ అడిగేవాడైతే, ఫ్యాక్టరీ నుంచి పెట్టెలో వచ్చే కాగితం ఆయనకు సరిపోకపోవచ్చు. డెలివరీ అయ్యాక అడిగితే దానికి వేరే బిల్లు వస్తుంది.

పాతదాన్ని చివరిసారి క్యాలిబ్రేషన్‌కు పంపండి

"ఎలాగూ తీసేస్తున్నాం, దానికి మళ్లీ ఖర్చెందుకు" అని అకౌంట్స్ వాళ్లు అంటారు. అయినా పట్టుబట్టండి. ఇన్నాళ్లూ ఆ మీటర్‌తో తీసిన రీడింగులు ఎంతవరకు నమ్మదగినవో ఈ చివరి క్యాలిబ్రేషన్‌తోనే తేలుతుంది. సర్దుబాటు చేయకముందు ఎంత తేడా ఉందో ఆ అంకెలు కూడా సర్టిఫికెట్‌లో ఇవ్వాలని ల్యాబ్‌కు రాసి ఇవ్వండి. సర్దుబాటు తర్వాతి అంకెలే చేతికొస్తే గతం గురించి మీకేమీ తెలియదు. పైగా రేపు కొత్తదానితో పోల్చేటప్పుడు తేడా వస్తే, తప్పు ఎటువైపు ఉందో చెప్పే ఆధారం కూడా ఇదే.

హైదరాబాద్‌లో ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులు ఉన్నాయి. కొరియర్‌లో వేయకుండా మనిషినిచ్చి పంపడం మంచిది. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగొచ్చు, కారైతే జనగామ మీదుగా 163వ నంబర్ హైవే. మీటర్‌ను డిక్కీలో ఎండకు ఉడకనివ్వకుండా సీటు మీద పెట్టండి. గుర్తింపు ఉన్నంత మాత్రాన సరిపోదు, మీకు కావాల్సిన రేంజ్‌లో, కావాల్సిన కచ్చితత్వంతో చేసే అనుమతి ఆ ల్యాబ్ గుర్తింపు పరిధిలో (స్కోప్‌లో) ఉందో లేదో చూడండి.

మీటర్ వెళ్లేలోపు దాని వివరాలు రాసుకోండి. ఏయే ప్రయోగాలకు, ఏయే టెస్ట్ సెటప్‌లకు వాడుతున్నారు. ముందు టెర్మినళ్లా, వెనకవా. జీపీఐబీ అడ్రస్ ఎంత (ఎవరూ మార్చకపోతే 22). సీరియల్ పోర్ట్ వాడుతుంటే వేగం, ప్యారిటీ ఎంత (మామూలుగా 9600, ఈవెన్, 7 బిట్లు). వెనకవైపు వైరింగ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పాత సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్‌లో చేర్చండి. మీటర్ ఏటా ఎటు జరుగుతోందో అవన్నీ వరసగా చూస్తేనే తెలుస్తుంది.

పెట్టె విప్పాక

ప్లగ్ పెట్టేముందు వెనక లైన్ వోల్టేజ్ సెట్టింగ్ చూడండి. అధీకృత డీలర్ నుంచి వస్తే సరిగానే ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో బయటి దేశం నుంచి వచ్చిన మీటరైతే 120 వోల్టుల మీద ఉండే అవకాశం ఉంది. మన 230 వోల్టులు ఇస్తే ఫ్యూజ్ పోవడంతో ఆగితే అదృష్టమే.

సెల్ఫ్ టెస్ట్ చేయించండి. సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ వెర్షన్ రిజిస్టర్‌లో రాయండి. ఆరు నెలల తర్వాత ఎవరైనా అప్‌డేట్ చేసి రీడింగులు తేడాగా వచ్చాయంటే, అంతకుముందు ఏ వెర్షన్ ఉండేదో తెలియాలి కదా. ల్యాన్ కేబుల్‌ను కాలేజీ నెట్‌వర్క్‌లో నేరుగా గుచ్చకండి. మీటర్‌కు, దాని కంప్యూటర్‌కు కలిపి చిన్న స్విచ్ ఒకటి వేరుగా పెట్టి, ఐపీ అడ్రస్ స్థిరంగా ఇవ్వండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అడ్రస్ మారి ప్రోగ్రాం వెతుక్కుంటూ కూర్చుంటుంది.

గది వేడి లెక్కలోకి తీసుకోండి

మన దగ్గర ఎక్కువమంది వదిలేసేది ఇదే. 34401ఏ ఏడాది స్పెసిఫికేషన్ 18 నుంచి 28 డిగ్రీల మధ్య, గంటసేపు వేడెక్కాక వర్తిస్తుంది. ఏసీ లేని ల్యాబ్‌లో మే నెల మధ్యాహ్నం ఆ 28 ఎక్కడ ఉంటుంది?

లెక్క చూడండి. 10 వోల్టుల రేంజ్‌లో 10 వోల్టులు కొలుస్తున్నాం. రీడింగ్‌లో 0.0035 శాతం అంటే 0.35 మిల్లీవోల్టులు, రేంజ్‌లో 0.0005 శాతం అంటే 0.05. మొత్తం 0.4 మిల్లీవోల్టులు. ఇది 28 డిగ్రీల దాకా. అక్కడి నుంచి ప్రతి డిగ్రీకి రీడింగ్‌లో 0.0005 శాతం, రేంజ్‌లో 0.0001 శాతం కలుపుకోవాలి, అంటే డిగ్రీకి 0.06 మిల్లీవోల్టులు. గది 38 డిగ్రీలుంటే పది డిగ్రీలకు 0.6. అంతా కలిపితే 1 మిల్లీవోల్టు. రెండున్నర రెట్లు పెరిగింది! మీటర్‌లో లోపమేమీ లేదు, గది వేడెక్కిందంతే.

అందుకని పోలిక పరీక్షలు పొద్దున్నే పెట్టుకోండి, లేదా ఏసీ ఉన్న గదికి మార్చండి. మీటర్లను రాత్రే ఆన్ చేసి ఉంచితే మంచిది. టేబుల్ మీద మామూలు గది థర్మామీటర్ ఒకటి పెట్టి, ప్రతి రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాయండి. సీలింగ్ ఫ్యాన్ కిందనో, ఏసీ గాలి నేరుగా తగిలేచోటో వద్దు. లీడ్లు కలిసేచోట రెండు రకాల లోహాలుంటాయి, అవి ఒక పక్క చల్లబడి ఒక పక్క వేడెక్కితే మైక్రోవోల్టులు పుడతాయి. 100 మిల్లీవోల్టుల రేంజ్‌లో చివరి అంకెలు ఊగుతుంటే ముందు ఫ్యాన్ ఆపి చూడండి.

పక్కపక్కన కొలవడం

దీనికి స్థిరమైన సోర్స్ కావాలి. క్యాలిబ్రేటర్ ఉన్న ల్యాబ్ అయితే దిగులే లేదు. లేనివాళ్లు ఏడీ587, ఆర్‌ఈఎఫ్102 లాంటి 10 వోల్టుల రెఫరెన్స్ చిప్‌తో చిన్న బోర్డు చేసుకోవచ్చు. ఇక్కడ దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడగండి. దాని అసలు విలువ సరిగ్గా 10 కానక్కర్లేదు, రెండు మీటర్లూ కొలిచే ఆ పది నిమిషాలు కదలకుండా ఉంటే చాలు. గోడ ప్లగ్‌లోని కరెంటును మాత్రం పోలికకు వాడకండి. అది నిలకడగా ఉండదు, ప్రమాదం కూడా.

రెండు మీటర్లనూ ఒకేలా సెట్ చేయండి. ఆటో రేంజ్ తీసేసి 10 వోల్టుల రేంజ్ పెట్టండి. ఇంటిగ్రేషన్ సమయం (ఒక్క రీడింగ్ కోసం సిగ్నల్ సగటు తీసే సమయం) రెండింట్లోనూ 10 పవర్‌లైన్ సైకిళ్లు ఉండాలి, మన 50 హెర్ట్జ్‌కు అది 200 మిల్లీసెకన్లు. ఆటో జీరో (మీటర్ తన లోపలి సున్నా తేడాను తనే తీసేసుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి. నల్ బటన్ (అప్పటి రీడింగ్‌ను సున్నాగా పట్టేది) నొక్కకండి. మనం వెతుకుతున్న తేడానే అది దాచేస్తుంది.

తర్వాత ఇన్‌పుట్ రెసిస్టెన్స్. చాలా గందరగోళం ఇక్కడే పుడుతుంది. 34401ఏ ఆన్ చేయగానే డీసీ వోల్టేజ్‌కు 10 మెగాఓమ్‌ల మీద ఉంటుంది. 10 వోల్టులు, అంతకంటే తక్కువ రేంజ్‌ల్లో దాన్ని 10 గిగాఓమ్‌లకు పైకి మార్చుకోవచ్చు, కానీ ఆ సెట్టింగ్ కరెంటు పోతే చెరిగిపోతుంది. మీ సర్క్యూట్‌కు 10 కిలోఓమ్‌ల అంతర్గత రెసిస్టెన్స్ ఉందనుకుందాం. 10 మెగాఓమ్‌ల మీటర్ కడితే దాదాపు 0.1 శాతం పడిపోతుంది, 10 వోల్టుల్లో అది 10 మిల్లీవోల్టులు. రెండు మీటర్లనూ ఒకేసారి కడితే 20. మనం చూస్తున్న 0.4 మిల్లీవోల్టులు అందులో ఎక్కడో మునిగిపోతాయి. కాబట్టి ఒక మీటర్ తీసేశాకే రెండోది కట్టండి, రెండింట్లోనూ ఒకే ఇన్‌పుట్ సెట్టింగ్ ఉందో లేదో ప్రతిసారీ చూడండి. మధ్యలో కరెంటు పోయి వచ్చిందా, మళ్లీ మొదటి నుంచి.

ఎంత తేడా వస్తే ఫర్వాలేదు? రెండు మీటర్ల పరిమితులనూ విడివిడిగా వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీయండి. 10 వోల్టుల దగ్గర 34461ఏ ఏడాది పరిమితి కూడా 0.4 మిల్లీవోల్టులే. అంటే 0.16, 0.16 కలిపితే 0.32, దాని వర్గమూలం సుమారు 0.57. రెండు రీడింగుల తేడా 0.57 మిల్లీవోల్టుల్లోపు ఉంటే నిశ్చింతగా ఉండండి. 0.3 తేడా చూసి "కొత్తది తప్పు చూపిస్తోంది" అని డీలర్‌కు ఫోన్ చేయాల్సిన పనిలేదు. తేడా 0.57 దాటితే లీడ్లు, రేంజ్, ఇన్‌పుట్ సెట్టింగ్, ఉష్ణోగ్రత వరసగా చూసి, అవన్నీ సరిగ్గా ఉన్నాక సర్టిఫికెట్లు తీయండి. కొత్తది కాబట్టి అదే రైటు అనుకోకండి. ఈమధ్యే క్యాలిబ్రేషన్ అయి వచ్చిన పాత మీటర్ మాటకూ అంతే విలువ ఉంది.

రెసిస్టెన్స్‌ను నాలుగు వైర్లతో పోల్చండి, తక్కువ ఓమ్‌ల దగ్గర రెండు వైర్లతో చూస్తే లీడ్ల రెసిస్టెన్సే కలుస్తుంది. మంచి మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు 100 ఓమ్‌లు, 10 కిలోఓమ్‌లు, 1 మెగాఓమ్ పెట్టుకుంటే సరిపోతుంది. వేళ్లతో పట్టుకోకండి, చేతి వేడికి విలువ జరుగుతుంది. ఎన్‌ఐటీలోనో, కాకతీయ యూనివర్సిటీలోనో తెలిసినవాళ్లుంటే స్టాండర్డ్ రెసిస్టర్ ఒక పూట ఇప్పించమని అడిగి చూడండి.

ఏసీ విషయంలో కాస్త ఓపిక కావాలి. పాతది నిజ ఆర్‌ఎంఎస్ విలువను (అంతే వేడి పుట్టించే డీసీకి సమానమైన విలువ) అనలాగ్ సర్క్యూట్‌తో తీస్తుంది. కొత్తది సిగ్నల్‌ను శాంపిల్ చేసి అంకెల్లో లెక్కిస్తుంది. ఫంక్షన్ జనరేటర్ ఇచ్చే సైన్ వేవ్ మీద రెండూ కలుస్తాయి. డిమ్మర్ తర్వాతి వేవ్, చవక ఇన్వర్టర్ అవుట్‌పుట్, ఎల్‌ఈడీ డ్రైవర్ కరెంటు లాంటి ముక్కలైన ఆకారాల మీద తేడా కనబడొచ్చు. రెండింట్లోనూ ఏసీ ఫిల్టర్ ఒకటే పెట్టి, రీడింగ్ స్థిరపడేదాకా కొన్ని సెకన్లు ఆగండి. అప్పటికీ తేడా ఉంటే దాన్ని రికార్డులో రాసి, ఆ ప్రయోగం షీట్‌లో కొత్త అంచనా విలువ వేయండి. ఇంకో జాగ్రత్త: పాతది 34401ఏ కాకుండా, సగటును కొలిచి ఆర్‌ఎంఎస్‌గా చూపించే చవక మీటరైతే స్క్వేర్ వేవ్ మీద సుమారు 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఇన్నేళ్లూ రికార్డుల్లో రాసుకున్న "సరైన జవాబు" ఆ తప్పుతోనే ఉండొచ్చు.

రీడింగులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో వేయండి: తేదీ, సమయం, ఉష్ణోగ్రత, సోర్స్, పాతది, కొత్తది, తేడా, అనుమతించే తేడా. పొద్దున కొన్ని, మధ్యాహ్నం కొన్ని, వేర్వేరు రోజుల్లో తీయండి. ఒక్క పూటలో ముగించేస్తే ఆ ఒక్క పూట సంగతే తెలుస్తుంది.

ప్రోగ్రాం మార్చేటప్పుడు

రెండు మీటర్లకూ ఎస్‌సీపీఐ (పరికరాలకు ఆదేశాలిచ్చే ప్రామాణిక భాష) భాషే, కాబట్టి ఆదేశాలు చాలావరకు అలాగే పనిచేస్తాయి. ఆగిపోయేది మొదటి వరుసలోనే. చాలా ప్రోగ్రాములు ముందు మీటర్‌ను "నువ్వెవరు" అని అడుగుతాయి. పాత మీటర్, మీద ఏ స్టిక్కర్ ఉన్నా, హ్యూలెట్-ప్యాకర్డ్ 34401ఏ అనే జవాబిస్తుంది. కొత్తది కీసైట్ 34461ఏ అంటుంది. ప్రోగ్రాంకు ఆ పేరు తెలియక ఎర్రర్ చూపించి ఆగుతుంది. దీని కోసమే 34461ఏలో ఎస్‌సీపీఐ ఐడీ అనే సెట్టింగ్ ఉంది. దాన్ని 34401ఏకు మారిస్తే పాత పేరే చెబుతుంది. సోర్స్ కోడ్ పోయిన ప్రోగ్రాములకు ఇది వరం. కోడ్ చేతిలో ఉంటే మాత్రం సెట్టింగ్‌తో కప్పిపుచ్చకుండా కోడ్‌లోనే పేరు సరిచేయండి. లేకపోతే రిపోర్టుల్లో తప్పు మోడల్ పేరు పడుతూనే ఉంటుంది.

సీరియల్ పోర్ట్ కోసం రాసిన భాగం మొత్తం తీసి యూఎస్‌బీకో ల్యాన్‌కో మార్చాలి. ల్యాన్‌లో సాకెట్‌తో నేరుగా మాట్లాడాలంటే పోర్ట్ 5025, ప్రతి ఆదేశం చివర కొత్త లైన్ గుర్తు తప్పనిసరి. పైథాన్‌లో రాసేవాళ్లు పైవీసా (పరికరాలతో మాట్లాడే లైబ్రరీ) వాడుకుంటే ఈ తిప్పలు తగ్గుతాయి, అడ్రస్ ఒక్కటి మార్చితే జీపీఐబీ పోయి యూఎస్‌బీ వస్తుంది.

కోడ్‌లో "ఇక్కడ ఒక సెకను ఆగు" అని రాసిన చోట్లన్నీ వెతకండి. అవి పాత మీటర్ వేగానికి కొలిచి పెట్టినవి. వాటి బదులు కొలత పూర్తయిందా అని మీటర్‌నే అడిగేలా మార్చండి. పాతదాని మెమరీలో 512 రీడింగులే పట్టేవి కాబట్టి కొందరు డేటాను 500 చొప్పున ముక్కలు చేసి తీసేవాళ్లు. కొత్తదాంట్లో 10,000 పడతాయి, ఆ ముక్కల లెక్క ఇక అక్కర్లేదు.

బెంచీ దగ్గర వాడేవాళ్లకు

పాతదాంట్లో కరెంటు 3 ఆంపియర్ల దాకానే. కొత్తదానికి ముందువైపు 10 ఆంపియర్లకు వేరే టెర్మినల్ ఉంది. పిల్లలు లీడ్ అందులో వదిలేసి వోల్టేజ్ కొలవబోతారు, లేదా 3 ఆంపియర్ల టెర్మినల్‌లో పెట్టి ఎక్కువ కరెంటు పంపిస్తారు. టెర్మినళ్ల పక్కనే తెలుగులో చిన్న స్టిక్కర్ అంటించండి, ఒక సెట్ స్పేర్ ఫ్యూజులు సొరుగులో ఉంచండి. కెపాసిటెన్స్, ఉష్ణోగ్రత, హిస్టోగ్రామ్ లాంటి కొత్త సౌకర్యాలు వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు, వాటికి క్లాసు పెట్టక్కర్లేదు.

చివరి కాగితాలు

పోలిక షీట్ సంతృప్తిగా ఉంటే ఒక తేదీ నిర్ణయించి, "ఈ రోజు నుంచి అధికారిక రీడింగులు కొత్త మీటర్‌వి" అని రిజిస్టర్‌లో రాసి ఇన్‌చార్జి సంతకం తీసుకోండి. ఆ తేదీ సెమిస్టర్ మధ్యలోనో, ఒక బ్యాచ్ టెస్టింగ్ మధ్యలోనో పడకుండా చూసుకోండి.

పాతది పనిచేస్తూనే ఉంటే కండెమ్ చేయాలని తొందరపడకండి. "సూచన కోసం మాత్రమే" అని లేబుల్ అంటించి, కొత్తది క్యాలిబ్రేషన్‌కు హైదరాబాద్ వెళ్లిన రోజుల్లో ప్రాక్టీస్ క్లాసులకు వాడుకోవచ్చు. నెలకోసారి ఆ 10 వోల్టుల బోర్డును రెండింటితోనూ కొలిచి అదే ఎక్సెల్ షీట్‌లో వేస్తూ ఉంటే, కొత్తది పక్కకు జరగడం మొదలైనప్పుడు ఏడాది చివరి సర్టిఫికెట్ దాకా ఆగకుండానే తెలుస్తుంది. నిజంగా చెడిపోయి కండెమ్ చేయాల్సి వస్తే స్టాక్ రిజిస్టర్‌లో సీరియల్ నంబర్ సరిచూసి, సర్టిఫికెట్ల ఫైల్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. దాన్ని మీటర్‌తోపాటు తుక్కులో పోనివ్వకండి.